సగం అణువులు తీసేసిన అయస్కాంతం: ఏ అప్రాక్సిమేషన్ ఎక్కడ చేతులెత్తేస్తుంది

చెల్లె, ముందు టెన్షన్ తగ్గించుకో, నీ కోడ్ బాగానే ఉంది. నువ్వు రాసింది మిగతావాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెప్తా. చదరపు లాటిస్ (గళ్ళ వల) మీద ఐసింగ్ మోడల్, అంటే ఒక్కో చోట పైకో కిందికో మాత్రమే చూసే స్పిన్ (చిన్న అయస్కాంతం), పక్కపక్క స్పిన్లు ఒకే వైపు తిరగాలని చూస్తాయి; అందులో సగం చోట్ల అయస్కాంత అణువు తీసేసి అయస్కాంతం కాని అణువు పెట్టావు. మీన్ ఫీల్డ్ లెక్కలో (పొరుగులందరి బదులు ఒక సగటు ఫీల్డ్ పెట్టే లెక్క) క్రిటికల్ ఉష్ణోగ్రత (టీసీ, దీని పైన అయస్కాంతత్వం పోతుంది) 2.0 వచ్చింది, మోంటే కార్లో సిమ్యులేషన్లో మాత్రం ఎంత చల్లబరిచినా మాగ్నెటైజేషన్ లేవడం లేదు, లాటిస్ పెద్దది చేస్తే ఉన్నది కూడా తగ్గిపోతోంది. గైడ్ గారేమో ఎఫెక్టివ్ ఫీల్డ్ థియరీ చెయ్యమన్నారు, హాస్టల్లో సీనియర్ రెప్లికా తప్ప ఇంకేదీ ఫిజిక్స్ కాదన్నాడు, కేయూ లైబ్రరీలో దొరికిన పుస్తకమేమో బెతే అప్రాక్సిమేషన్‌తో మొదలైంది. వీటిల్లో ఏది బెస్ట్ అన్నది నీ ప్రశ్న.

"ఏది బెస్ట్" అన్నదాన్ని కాసేపు పక్కన పెట్టు. డిజార్డర్ (అణువులో బాండ్లో అడ్డదిడ్డంగా ఉండటం) ఉన్న స్పిన్ సిస్టమ్‌కి ఏ అప్రాక్సిమేషన్ చేతికొచ్చినా దాన్ని ఒకటే అడగాలి: నువ్వు సగటు ఎక్కడ తీస్తున్నావ్? ప్రతి పద్ధతీ ఎక్కడో ఒకచోట అసలు స్పిన్నునో, అసలు బాండునో, అసలు పొరుగువాణ్ణో తీసేసి దాని స్థానంలో ఒక సగటు పెడుతుంది. ఆ చోటు తెలిస్తే అది ఏ ప్రశ్నకు నిలబడుతుందో, ఏ ప్రశ్నకు కూలిపోతుందో పేపర్ మీద లెక్క మొదలుపెట్టకముందే చెప్పేయొచ్చు.

మన దగ్గర గొలుసుకట్టు చెరువులు చూశావు కదా, పై చెరువు మత్తడి దుంకితే ఆ నీళ్ళు వాగులో పడి కింది చెరువుకు చేరతాయి. మండలంలో చెరువులు సగటున సగం నిండాయని ఆఫీసు రిపోర్టు చెప్పొచ్చు, కానీ ఆ ఒక్క అంకెతో పై ఊరి నీళ్ళు చివరి ఊరి దాకా వచ్చాయా లేదా అన్నది చెప్పలేవు, మధ్యలో ఏ కట్ట తెగిందో తెలియాలి. నీ మీన్ ఫీల్డ్ చేసింది ఆ రిపోర్టు పనే. ఒక్కో స్పిన్నుకు నాలుగు పొరుగులుంటే సగం తీసేశాక సగటున రెండు మిగులుతాయి, కాబట్టి 4.0 ఉన్న టీసీ 2.0 అయింది, అంతే. పి అంటే మిగిలిన అణువుల భాగం అనుకుంటే ఈ లెక్కలో టీసీ పి తో పాటు సరళరేఖలో దిగుతుంది, పి సున్నా అయ్యేదాకా ఆర్డర్ పోదు. అంటే నూటికి ఒక్క అణువు మిగిలి, అది దాదాపు ఎప్పుడూ ఒంటరిగా ఉన్నా కూడా అయస్కాంతం అయస్కాంతంగానే ఉంటుందట! వర్చువల్ క్రిస్టల్ అప్రాక్సిమేషన్ అని పెద్ద పేరు పెట్టుకున్నది కూడా ఈ పనే చేస్తుంది.

నిజంగా జరిగేది పర్కోలేషన్. చదరపు లాటిస్‌లో సైట్లు తీసేస్తూ పోతే, మిగిలినవి 0.593 కంటే తగ్గిన క్షణాన ఈ కొస నుంచి ఆ కొస దాకా కలిసి ఉండే గుంపు ఉండదు, అన్నీ విడివిడి దీవులే. ఒక్కో దీవిలో స్పిన్లన్నీ చక్కగా ఒకే వైపు తిరగొచ్చు, కానీ పక్క దీవికి ఆ కబురు చేరదు, ఉష్ణోగ్రత సున్నాకు తెచ్చినా చేరదు. నీ పి 0.5. కాబట్టి నీ సిమ్యులేషన్‌లో వచ్చిన సున్నానే సరైన జవాబు, పేపర్ మీద వచ్చిన 2.0 తప్పు. లాటిస్ పెంచితే మాగ్నెటైజేషన్ తగ్గడం కూడా దానికే సాక్ష్యం, చిన్న లాటిస్‌లో అతి పెద్ద దీవి మొత్తంలో కాస్త పెద్ద వాటాలా కనిపిస్తుంది, లాటిస్ పెరిగితే దాని వాటా కరిగిపోతుంది.

ఇప్పుడు నిచ్చెన ఎక్కుదాం. జె ని (పక్కపక్క స్పిన్ల మధ్య ఇంటరాక్షన్ బలం), బోల్ట్జ్‌మన్ స్థిరాంకాన్ని 1 అనుకుని, స్పిన్ ప్లస్ 1 లేదా మైనస్ 1 అనుకుంటే, డిజార్డర్ లేని చదరపు లాటిస్‌కి ఆన్సాగర్ 1944లో ఇచ్చిన కచ్చితమైన జవాబు 2.269. మీన్ ఫీల్డ్ 4 ఇస్తుంది, అంటే దగ్గర దగ్గర రెట్టింపు. బెతే అప్రాక్సిమేషన్‌లో సెంటర్ స్పిన్నును, దాని పొరుగులను నిజంగానే ఉంచి, ఆ పొరుగుల అవతల ఉన్నదాన్ని మాత్రమే ఒక ఫీల్డ్‌గా మారుస్తాం. అందులో వచ్చే షరతు చాలా ముచ్చటగా ఉంటుంది: (జెడ్ − 1) × పి × టాన్‌హెచ్(1/టి) = 1. జెడ్ అంటే పొరుగుల సంఖ్య, టి అంటే ఉష్ణోగ్రత. పి = 1, జెడ్ = 4 పెడితే 2.885. గైడ్ గారు చెప్పిన ఎఫెక్టివ్ ఫీల్డ్ థియరీ, అంటే హొన్మురా, కనెయోషి 1979లో డిఫరెన్షియల్ ఆపరేటర్‌తో తెచ్చిన పద్ధతి, 3.090 ఇస్తుంది. ఇక్కడిదాకా చూస్తే బెతే గెలిచింది, గైడ్ గారు ఓడిపోయారు.

ఆగు, ఇప్పుడు అదే లెక్క నీ పి = 0.5 దగ్గర చెయ్యి. బెతేలో టాన్‌హెచ్(1/టి) = 2/3 కావాలి, టి 1.24 వస్తుంది. ఎఫెక్టివ్ ఫీల్డ్‌లో షరతు కొంచెం పొడుగు, దాన్ని విప్పితే ఇలా తేలుతుంది: 0.21875 × [టాన్‌హెచ్(కె) + టాన్‌హెచ్(2కె)] + 0.09375 × టాన్‌హెచ్(3కె) + 0.015625 × టాన్‌హెచ్(4కె) = 0.5. ఇక్కడ కె అంటే 1/టి. కాలిక్యులేటర్‌లో కె కి విలువలు మార్చుతూ పోతే 1.124 దగ్గర సరిపోతుంది, అంటే టి 0.89. మీన్ ఫీల్డ్ 2.0, బెతే 1.24, ఎఫెక్టివ్ ఫీల్డ్ 0.89, నిజం సున్నా. వరస తిరగబడింది చూశావా? ఆర్డర్ పూర్తిగా పోయే పి ఎంత అని అడిగితే కూడా ఇదే కథ: మీన్ ఫీల్డ్ సున్నా అంటుంది, బెతే 1/3 అంటుంది, ఎఫెక్టివ్ ఫీల్డ్ 0.428 అంటుంది, అసలు విలువ 0.593. శుద్ధమైన క్రిస్టల్‌లో వెనకబడ్డ పద్ధతి డిజార్డర్ వచ్చేసరికి ముందుకొచ్చింది.

ఎందుకలా అంటే, మళ్ళీ సగటు ఎక్కడ తీశారన్నదే. ఎఫెక్టివ్ ఫీల్డ్ థియరీ మొదలయ్యేది కాలెన్ 1963లో ఇచ్చిన ఒక ఐడెంటిటీతో, అది కచ్చితమైనది, అందులో అప్రాక్సిమేషన్ ఏమీ లేదు. ఒక స్పిన్ సగటు విలువ అంటే దాని పొరుగులు ఆ క్షణంలో ఇస్తున్న ఫీల్డ్‌కి టాన్‌హెచ్ తీసి, ఆ టాన్‌హెచ్‌కి సగటు తీసినది. మీన్ ఫీల్డ్ వాడు ముందు ఫీల్డ్‌కి సగటు తీసి తర్వాత టాన్‌హెచ్ చేస్తాడు, కాలెన్ తర్వాత తియ్యమంటాడు. ఈ చిన్న వరస మార్పుతోనే నాలుగు పొరుగుల్లో ఎన్ని ఉన్నాయి, ఎన్ని ఖాళీ, ఉన్నవాటిలో ఎన్ని పైకి, ఎన్ని కిందికి అన్న కేసులన్నీ విడివిడిగా లెక్కలోకి వస్తాయి. పైన సమీకరణంలో కె, 2కె, 3కె, 4కె విడివిడిగా కనిపిస్తున్నవి అవే. ఆ తర్వాతే ఇది చేతులెత్తేస్తుంది: పొరుగులు ఒకదానికొకటి సంబంధం లేనట్టు వాటి లబ్ధాల సగటును సగటుల లబ్ధంగా విరిచేస్తుంది. పొరుగు లేకపోవడం అనే స్థానిక నిజాన్ని ఇది బాగా పట్టుకుంది, పొరుగుల మధ్య కోరిలేషన్ వదిలేసింది. బెతే కథ వేరు. అక్కడ కోరిలేషన్ ఉంటుంది కానీ లాటిస్‌ని లూపుల్లేని చెట్టుగా చూస్తుంది, చెట్టులో ఏ కొమ్మ ఎక్కినా కొత్త చోటుకే పోతావు, అసలు చదరంలో మాత్రం నాలుగడుగులు వేస్తే బయల్దేరిన చోటికే వస్తావు. అందుకే చెట్టు మీద మూడింట ఒక వంతు అణువులతోనే అనంతమైన గుంపు తయారవుతుంది. బెతే ఇచ్చిన 1/3 అసలు చెట్టుకు కచ్చితమైన జవాబే, మనం దాన్ని చదరం మీద రుద్దుతున్నాం, అదీ గొడవ.

ఇంకో సంగతి, పుస్తకాల్లో దీన్ని దాటేసి పోతారు. 0.593 దగ్గరికి వచ్చేకొద్దీ అసలు టీసీ గ్రాఫ్ మెల్లగా సున్నాకు దిగదు, దాదాపు నిలువుగా పడిపోతుంది. ఎక్స్‌పొనెన్షియల్(−2/టి) అన్నది పి లోంచి పర్కోలేషన్ విలువ తీసేస్తే వచ్చే తేడాతో పోటీ పడుతుంది కాబట్టి టి లాగరిథమ్‌లాగా పోతుంది. బెతే సమీకరణాన్ని 1/3 దగ్గర విప్పి చూడు, అదే రూపం వస్తుంది. అంటే పడే చోటు తప్పు చెప్పింది, పడే తీరు మాత్రం ఒప్పు చెప్పింది! ప్రాజెక్ట్‌లో ఒక పేజీ దీనికే ఇచ్చినా దండగ కాదు.

కోహెరెంట్ పొటెన్షియల్ అప్రాక్సిమేషన్ గురించి కూడా అడిగావు. అది 1967లో మిశ్రమ లోహాల్లో ఎలక్ట్రాన్ల కోసం పుట్టింది, ఒక సైటును నిజంగా ఉంచి చుట్టూ ఉన్నదంతా ఒక మీడియంగా మార్చి, ఆ సైటు వల్ల సగటున స్కాటరింగ్ లేకుండా మీడియాన్ని సర్దుతారు. స్పిన్ వేవ్స్‌కి వాడతారు, స్పెక్ట్రమ్ కావాలంటే మంచిది. నీ ఐసింగ్ టీసీకి దానితో పనిలేదు, వదిలెయ్.

ఇంతవరకూ మనం మాట్లాడింది అణువులు లేకపోవడం గురించి, జె మాత్రం అంతటా ఒకే గుర్తు. నువ్వు వెళ్దామనుకుంటున్న స్పిన్ గ్లాస్‌లో జె గుర్తే అడ్డదిడ్డంగా మారుతుంది. రాగిలో కొద్దిశాతం మాంగనీస్, బంగారంలో కొంచెం ఇనుము కలిపితే, రెండు అయస్కాంత అణువుల మధ్య ఇంటరాక్షన్ దూరాన్ని బట్టి ఒకసారి ప్లస్, ఒకసారి మైనస్ అవుతూ ఊగుతుంది. 1972లో కానెల్లా, మైడోష్ బంగారం–ఇనుము మీద ఏసీ ససెప్టిబిలిటీలో (ఊగే చిన్న ఫీల్డుకి వచ్చే స్పందనలో) పదునైన మొన చూపించాకే థియరీ వాళ్ళు ఎగబడ్డారు. దీన్ని అర్థం చేసుకోవడానికి నాలుగు స్పిన్లు చాలు. ఒక చదరం గీసి నాలుగు మూలల్లో స్పిన్లు పెట్టు, మూడు బాండ్లు ప్లస్, ఒకటి మైనస్. మొత్తం 16 అమరికలు రాసుకో. ఏ అమరికలో చూసినా కనీసం ఒక బాండు అలిగే ఉంటుంది (ప్లస్ బాండు రెండు స్పిన్లూ ఒకే వైపు ఉండాలంటుంది, మైనస్ బాండు ఎదురెదురుగా; అది దక్కకపోతే అలక). ఒక్క బాండు మాత్రమే అలిగినవి 8, మూడు అలిగినవి మిగతా 8. అన్ని బాండ్లూ ప్లస్ అయితే అత్యల్ప శక్తి అమరికలు 2 మాత్రమే, శక్తి −4. ఇక్కడ 8, శక్తి −2. నాలుగు స్పిన్లకే ఇంత గందరగోళమైతే లక్ష స్పిన్లకి ఎట్లా ఉంటుందో ఊహించుకో. దీన్నే ఫ్రస్ట్రేషన్ అంటారు.

ఇక్కడ మాగ్నెటైజేషన్ పనికిరాదు, సగటు సున్నానే. 1975లో ఎడ్వర్డ్స్, ఆండర్సన్ కొత్త ఆర్డర్ పారామీటర్ పెట్టారు: ఒక్కో స్పిన్ కాలసగటు తీసి, దాన్ని స్క్వేర్ చేసి, తర్వాత అన్ని సైట్ల మీద సగటు. వరస గమనించు, ముందు స్క్వేర్, తర్వాత సైట్ల సగటు. ఒక్కో స్పిన్ తన సొంత దిక్కులో గడ్డకట్టిందా లేదా అని అడగడమన్నమాట, అందరూ ఒకే దిక్కు చూస్తున్నారా అని కాదు.

ఫ్రీ ఎనర్జీకీ ఇదే పేచీ. ప్రయోగంలో నీ ముక్కలో జె విలువలు గడ్డకట్టేసి ఉన్నాయి, స్పిన్లు మాత్రమే కదులుతాయి. కాబట్టి (అన్ని అమరికల బోల్ట్జ్‌మన్ బరువుల మొత్తమైన) పార్టిషన్ ఫంక్షన్‌కి లాగరిథమ్ తీసి, అప్పుడు జె మీద సగటు తియ్యాలి. ముందు పార్టిషన్ ఫంక్షన్‌కే సగటు తీసి తర్వాత లాగరిథమ్ తీస్తే లెక్క సులువు, దాన్నే అనీల్డ్ సగటు అంటారు, కానీ అక్కడ అరుదుగా వచ్చే కొన్ని వింత ముక్కలు సగటు మొత్తాన్ని మింగేస్తాయి. ఆ ఫ్రీ ఎనర్జీ ఎప్పుడూ అసలు దానికి సమానంగానో తక్కువగానో ఉంటుంది, కాబట్టి కింది హద్దుగా పనికొస్తుంది, చల్లని చోట జవాబుగా పనికిరాదు. లాగరిథమ్‌కి సగటు తీయడం కష్టం కాబట్టి పుట్టిందే మీ సీనియర్ చెప్పే రెప్లికా ట్రిక్: సిస్టమ్‌కి ఎన్ నకళ్ళు చేసి, పార్టిషన్ ఫంక్షన్ ఎన్‌వ ఘాతానికి సగటు తీసి, చివర్లో ఎన్‌ని సున్నా చెయ్యడం. పూర్ణసంఖ్యలకు లెక్క చేసి సున్నాకు లాగడమేంటని నీకు అనుమానం వస్తే మంచిదే, రావాలి.

అదే 1975లో షెరింగ్టన్, కర్క్‌పాట్రిక్ ప్రతి స్పిన్నూ ప్రతి స్పిన్నుతో కలిసే మోడల్ పెట్టారు. నకళ్ళన్నీ ఒకేలా ఉంటాయనుకుని దాన్ని సాల్వ్ చేస్తే సున్నా ఉష్ణోగ్రత దగ్గర స్పిన్నుకు ఎంట్రోపీ −0.16 వచ్చింది. ఐసింగ్ స్పిన్లలో ఎంట్రోపీ అంటే అమరికల సంఖ్యకు లాగరిథమ్, అది నెగటివ్ అంటే ఒకటి కంటే తక్కువ అమరికలున్నాయని! 1978లో డి ఆల్మేడా, థౌలెస్ తప్పు ఎక్కడుందో చూపించారు, ఒక గీత దాటి చల్లబరిస్తే నకళ్ళన్నీ ఒకటే అన్న ఊహ నిలవదు. 1979 నుంచి పారిసీ ఆ నకళ్ళ మధ్య సమానత్వాన్ని మెట్టు మెట్టుగా, చివరికి అనంతమైన మెట్లలో, విరగ్గొట్టాడు. గ్రౌండ్ స్టేట్ శక్తి స్పిన్నుకు −0.798 నుంచి −0.763 కి వచ్చింది, ఎంట్రోపీ సున్నాకు సర్దుకుంది. ఆ ఫార్ములా సరైనదేనని గణితవాళ్ళు ఒప్పుకోవడానికి ఇరవై ఏళ్ళ పైనే పట్టింది, గ్వెర్రా 2003లో ఒక వైపు, తాలగ్రాండ్ 2006లో రెండో వైపు ప్రూఫ్ ఇచ్చారు. 2021 నోబెల్‌లో పారిసీ వాటాకి ఈ పని పెద్ద కారణం.

కాబట్టి మీ సీనియర్ చెప్పింది తప్పేం కాదు, కానీ నీ మోడల్‌కి కాదు. జె అంతా ప్లస్ ఉన్న చోట ఫ్రస్ట్రేషన్ లేదు, అక్కడ రెప్లికా మెట్లెక్కడం ఈగను కొట్టడానికి గొడ్డలి ఎత్తినట్టు.

స్పిన్ గ్లాస్‌లో నువ్వు చేత్తో చేసి చూడగలిగేది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది, టాప్ సమీకరణాలు. థౌలెస్, ఆండర్సన్, పామర్ 1977లో ఇచ్చారు. ముందు మామూలు మీన్ ఫీల్డ్ రాయి: ఐ అనే స్పిన్ మీద ఫీల్డ్ అంటే పొరుగుల మాగ్నెటైజేషన్లను వాటి జె తో గుణించి కూడినది. టీసీ కావాలంటే జె మ్యాట్రిక్స్ అతి పెద్ద ఐగెన్ విలువ చూడాలి, రాండమ్ మ్యాట్రిక్స్‌కి అది 2. అంటే టీసీ 2. కానీ షెరింగ్టన్–కర్క్‌పాట్రిక్ మోడల్‌లో అసలు టీసీ 1. రెట్టింపు తేడా ఎక్కడినుంచి వచ్చింది? ఐ తన పొరుగు స్పిన్నును కొంచెం తిప్పుతుంది, తిరిగిన ఆ పొరుగు మళ్ళీ ఐ మీద ఫీల్డ్ వేస్తుంది, అంటే ఐ తన గొంతు తానే విని ఎవరో పిలిచారనుకుంటోంది. దాన్ని తీసెయ్యాలి. అదే ఆన్సాగర్ రియాక్షన్ టర్మ్: బీటా (అంటే 1/టి) × ఐ మాగ్నెటైజేషన్ × అన్ని పొరుగుల మీద జె స్క్వేర్ × (1 − పొరుగు మాగ్నెటైజేషన్ స్క్వేర్) మొత్తం. ఇది తీసేశాక షరతు 1 + బీటా స్క్వేర్ − 2 బీటా = 0 అవుతుంది, అంటే (1 − బీటా) స్క్వేర్, టీసీ సరిగ్గా 1.

మరి మామూలు ఫెర్రోమాగ్నెట్‌లో ఈ టర్మ్ ఎందుకు గుర్తు రాదు? అందరితో అందరూ కలిసే ఫెర్రోలో ఒక్కో జె మొత్తం స్పిన్ల సంఖ్యకు విలోమంగా ఉంటుంది, దాని స్క్వేర్లన్నీ కూడినా సున్నాకే పోతుంది. స్పిన్ గ్లాస్‌లో గుర్తులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి కాబట్టి జె ని వర్గమూలానికి విలోమంగా, అంటే చాలా పెద్దగా ఉంచాలి, స్క్వేర్లు కూడితే 1 మిగులుతుంది. టర్మ్ నిలబడిపోతుంది. డిజార్డర్ మీన్ ఫీల్డ్‌ని ఎట్లా మారుస్తుందో ఇంతకంటే శుభ్రంగా చూపించే లెక్క నాకు తెలియదు.

కోడ్ రాస్తే ఒక చిట్కా. టాప్ సమీకరణాలను మామూలుగా తిప్పుతూ పోతే తరచూ ఊగిపోయి ఎటూ తేలవు. రియాక్షన్ టర్మ్‌లో బయట గుణించే ఐ మాగ్నెటైజేషన్‌కి ఇప్పటి విలువ కాకుండా ఒక మెట్టు వెనకటి విలువ పెట్టు, వెంటనే దారికొస్తుంది. బోల్ట్‌హౌజెన్ ఇది డి ఆల్మేడా–థౌలెస్ గీత పైన పనిచేస్తుందని ప్రూవ్ చేశాడు, 2009లో డోనోహో, మలేకి, మోంటనారి సిగ్నల్ ప్రాసెసింగ్‌లో తెచ్చిన అప్రాక్సిమేట్ మెసేజ్ పాసింగ్ కూడా ఇదే తాళం చెవి. గీత కింద మాత్రం తేలకపోతే కోడ్‌ని తిట్టుకోకు, అది ఫిజిక్సే.

కేవిటీ మెథడ్ గురించి ఒక్క మాట. మెజార్డ్, పారిసీ, విరసోరో 1986లో తెచ్చిన ఈ దారిలో నకళ్ళ గోల ఉండదు, ఒక స్పిన్నును తీసేసి, అది లేనప్పుడు పొరుగులు ఏం చేస్తాయో చూసి, మళ్ళీ పెడతారు. తక్కువ పొరుగులున్న రాండమ్ గ్రాఫ్ మీద ఇది నీ బెతే అప్రాక్సిమేషనే, సగటు ఫీల్డ్ ఒకటి కాకుండా ఫీల్డుల పంపిణీ మొత్తం ఉంచుకుంటుంది. కంప్యూటర్ సైన్సు వాళ్ళు బిలీఫ్ ప్రొపగేషన్ అనేది కూడా ఇదే, ఎన్‌ఐటీలో మీ ఫ్రెండ్స్ మెషిన్ లెర్నింగ్ క్లాసులో చేస్తుంటారు, అడుగు. రెప్లికా కంటే ఇదే ముందు నేర్చుకో, ఎక్కడ ఏం ఊహిస్తున్నావో కళ్ళ ముందు కనిపిస్తుంది.

ఇవన్నీ అందరితో అందరూ కలిసే మోడల్‌కో, చెట్టుకో సరిపోయేవి. త్రీడీ లాటిస్ మీద స్పిన్ గ్లాస్‌కి వచ్చేసరికి ఏదీ పూర్తిగా నిలబడదు. టూడీలో సున్నా పైన ట్రాన్సిషన్ లేదు, త్రీడీలో ప్లస్–మైనస్ జె మోడల్‌కి టీసీ 1.10 దగ్గర ఉంది, ఇది సిమ్యులేషన్లు చెప్పినదే. దాని కింద పారిసీ చెప్పినట్టు లెక్కలేనన్ని స్థితులున్నాయా, ఫిషర్, హ్యూస్ డ్రాప్లెట్ చిత్రం చెప్పినట్టు ఒక జత స్థితులేనా అన్న తగవు ఇంకా తెగలేదు. ఎవరైనా తేలిపోయిందని చెప్తే ఏ క్యాంపు వాళ్ళో కనుక్కో. సరదాగా చెప్పాలంటే, మిగ్డల్–కడనాఫ్ రీనార్మలైజేషన్ లాంటి మోటు పద్ధతి కూడా టూడీలో లేదు, త్రీడీలో ఉంది అని సరిగ్గానే చెప్తుంది, పారిసీ థియరీకి మాత్రం డైమెన్షన్ అన్న మాటే తెలియదు.

ఇక నీ ప్రాజెక్ట్‌కి. నాలుగు నెలల్లో స్పిన్ గ్లాస్ మొత్తం ఎత్తుకోకు. డైల్యూటెడ్ ఐసింగే ఉంచుకో, అది బొమ్మ మోడల్ కూడా కాదు, కోబాల్ట్ స్థానంలో మెగ్నీషియం కలిపిన రుబీడియం కోబాల్ట్ ఫ్లోరైడ్ టూడీకి, జింక్ కలిపిన ఐరన్ ఫ్లోరైడ్ త్రీడీకి నిజంగా ల్యాబ్‌లో కొలిచిన పదార్థాలు (ఇవి యాంటీఫెర్రో, కానీ లాటిస్‌ని రెండు ఉపలాటిస్‌లుగా చీల్చి ఒక దానిలో స్పిన్ల గుర్తు తిప్పేస్తే ఫీల్డ్ లేనప్పుడు లెక్క ఒకటే). పి ని 1 నుంచి 0.6 దాకా దించుతూ మీన్ ఫీల్డ్, బెతే, ఎఫెక్టివ్ ఫీల్డ్ మూడు గ్రాఫులూ గియ్యి, వాటి మీద మోంటే కార్లో చుక్కలు పెట్టు. గైడ్ గారి మాట నెగ్గుతుంది, నీకూ చెప్పడానికి విషయం ఉంటుంది. సిమ్యులేషన్‌కి మామూలు మెట్రోపోలిస్ (ఒక్కో స్పిన్నునే తిప్పేది) కంటే వోల్ఫ్ క్లస్టర్ అల్గారిథమ్ (గుంపు మొత్తాన్ని ఒకేసారి తిప్పేది) వాడు, ఫ్రస్ట్రేషన్ లేదు కాబట్టి బ్రహ్మాండంగా పనిచేస్తుంది, కానీ ఒక్కోసారి చిన్న దీవిలో మొదలై అక్కడే తిరుగుతుంది కాబట్టి మధ్య మధ్యలో ఒక మెట్రోపోలిస్ రౌండ్ వెయ్యి. తర్వాత ఎప్పుడైనా త్రీడీ స్పిన్ గ్లాస్‌కి పోతే వోల్ఫ్ పనికిరాదు, హుకుషిమా, నెమోతో 1996లో రాసిన పారలల్ టెంపరింగ్ నేర్చుకోవాలి, వేర్వేరు ఉష్ణోగ్రతల్లో నకళ్ళు నడిపి వాటిని మార్చుకుంటూ పోవడం.

ఎర్రర్ బార్ల విషయంలో మాత్రం జాగ్రత్త. ఒకే డిజార్డర్ ముక్క (ఏ చోట అణువు ఉందో ఖాయమైన ఒక నమూనా) మీద పది లక్షల స్టెప్పులు నడిపి ఎర్రర్ చాలా తక్కువని సంబరపడేవాళ్ళను ఎంతోమందిని చూశాను. ఆ ఎర్రర్ ఆ ముక్కది, నీ మోడల్‌ది కాదు. క్రిటికల్ పాయింట్ దగ్గర ముక్కకీ ముక్కకీ తేడా లాటిస్ పెంచినా అంత తేలిగ్గా పోదు, కాబట్టి ఉన్న కంప్యూటర్ టైమ్‌ని ఎక్కువ ముక్కల మీద పంచు, ఒక్కోదాన్నీ ఈక్విలిబ్రియమ్ దాటాక కొద్దిసేపు నడిపితే చాలు. ఎర్రర్ ముక్కల మధ్య తేడా నుంచి తియ్యి. బైండర్ క్యుములెంట్ (మాగ్నెటైజేషన్ నాలుగో ఘాతం సగటుకీ, స్క్వేర్ సగటు వర్గానికీ ఉన్న నిష్పత్తి నుంచి వచ్చేది, టీసీ పట్టుకోవడానికి వాడతారు) కూడా ముక్కల మీద సగటు తీశాకే నిష్పత్తి వెయ్యి, ఒక్కో ముక్కకి నిష్పత్తి వేసి సగటు తీస్తే వేరే అంకె వస్తుంది.

వైవాలో క్రిటికల్ ఎక్స్‌పోనెంట్లు (టీసీ దగ్గర రాశులు ఏ తీరులో మారతాయో చెప్పే ఘాతాలు) అడిగితే హారిస్ 1974 షరతు గుర్తుంచుకో: శుద్ధ క్రిస్టల్‌లో స్పెసిఫిక్ హీట్ ఎక్స్‌పోనెంట్ ఆల్ఫా పాజిటివ్ అయితే డిజార్డర్ ఎక్స్‌పోనెంట్లను మారుస్తుంది. త్రీడీ ఐసింగ్‌లో ఆల్ఫా 0.11, అందుకే కోరిలేషన్ దూరం ఎక్స్‌పోనెంట్ న్యూ 0.630 నుంచి 0.683 కి మారుతుంది. నీ టూడీలో ఆల్ఫా సున్నా, సరిగ్గా గట్టు మీద నిలబడింది, ఎక్స్‌పోనెంట్లు మారవు, లాగరిథమ్ సవరణలు వచ్చి చిరాకు పెడతాయి. నీ మూడు అప్రాక్సిమేషన్లలో దేనికీ ఈ సంగతి తెలియదు, మూడూ మీన్ ఫీల్డ్ ఎక్స్‌పోనెంట్లే ఇస్తాయి, మాగ్నెటైజేషన్ ఎక్స్‌పోనెంట్ బీటా (ఇది పైన వాడిన 1/టి కాదు) ఎప్పుడూ 1/2. గ్రాఫ్‌లో 0.593 దగ్గర నిలువు గీత గీసి పెట్టు, 0.333, 0.428 దగ్గర బాణాలు వెయ్యి. పి 0.7 కంటే కిందికి వెళ్ళినప్పుడు సిమ్యులేషన్ చుక్కలు చెదిరితే ఆ డేటా ఇక్కడ పెట్టు, ఎన్ని ముక్కలు తీశావో కూడా రాయి, చూసి చెప్తా.